చార్టు కింద ఉన్న పాదం: రిఫ్లెక్సాలజీ చేసే చేతులకు లిగమెంట్ల మార్గదర్శి

పాదాల మీది బిందువులను నొక్కితే వాటికి జతగా చెప్పే అవయవాలకు మేలు జరుగుతుందనే పద్ధతి రిఫ్లెక్సాలజీ. దాని చార్టులో బయటి చీలమండకూ మడమ వెనక మూలకూ సరిగ్గా నడుమ ఒక చిన్న గుండ్రం ఉంటుంది. ఆడవారికైతే అండాశయం, మగవారికైతే వృషణం అని దాని మీద రాసి ఉంటుంది. అక్కడ నొక్కగానే ఎదుటివారు "అబ్బా" అంటే చాలామంది వెంటనే నెలసరి గురించి అడుగుతారు. ముందు అడగాల్సింది అది కాదు. "ఈ కాలు ఎప్పుడైనా మడతపడిందా అండీ?" అని అడగాలి. ఆ గుండ్రం కింద చర్మం, పెరోనియల్ టెండన్లు (కండను ఎముకతో కట్టే తాళ్లు), వాటికింద కాల్కేనియోఫిబ్యులర్ లిగమెంటు (బయటి చీలమండను మడమ ఎముకతో కట్టే పట్టీ) ఉంటాయి. పాదం లోపలికి మడతపడ్డప్పుడు ముందు దెబ్బతినేది చీలమండ ముందున్న లిగమెంటు. దాని తర్వాత వంతు దీనిదే. ఎప్పుడో బెణికి సరిగా మానని కాలు అక్కడ ఏళ్ల తరబడి నొప్పి పెట్టగలదు.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, వాటిని కట్టి ఉంచే లిగమెంట్లు వందకు పైగా ఉన్నాయి. మీ బొటనవేలు చార్టులోని కాలేయాన్నో మూత్రపిండాన్నో తలచుకుని నొక్కినా, నిజంగా తాకేది వీటినీ వీటి చుట్టూ ఉన్న కండనూ నరాన్నీ. అందుకే ఏ బిందువు కింద ఏముందో, అక్కడ ఎంత ఒత్తిడి చాలో, నొప్పి వస్తే ముందుగా దేన్ని అనుమానించాలో నేర్చుకున్నాకే చార్టు చేతికి తీసుకోవాలి.

ఈ పద్ధతి నుంచి ఏం ఆశించవచ్చు

అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన విలియం ఫిట్జెరాల్డ్ శరీరాన్ని నిలువుగా 10 జోన్లుగా విడదీసి, ఆ జోన్ థెరపీని 1917లో మరొకరితో కలిసి పుస్తకంగా తెచ్చారు. 1930లలో ఫిజియోథెరపిస్టు యూనిస్ ఇంగమ్ ఆ జోన్లను అరికాళ్ల మీద అవయవాల పటంగా విస్తరించారు. ఇవాళ గోడలకు వేలాడే చార్టులు చాలావరకు ఆ పటం నుంచి పుట్టినవే. అరికాలి బిందువు నుంచి ఫలానా అవయవానికి ప్రత్యేకంగా వెళ్లే దారి ఏదీ శరీర నిర్మాణ శాస్త్రంలో లేదు. ప్రత్యామ్నాయ వైద్యాలను పరిశోధించిన ప్రొఫెసర్ ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ 2009లో క్లినికల్ పరీక్షలన్నిటినీ సమీక్షించి, ఏ జబ్బుకూ ఇది చికిత్సగా పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చారు. ఒళ్లు తేలికపడటం, మనసు నెమ్మదించడం, అలసిన పాదాలకు హాయి: ఇవి నిజాయితీగా ఇవ్వగలిగినవి. బిందువు నొప్పిని చూసి జబ్బు పేరు చెప్పడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

లిగమెంటు స్వభావం

లిగమెంటు ఎముకను ఎముకతో కడుతుంది, టెండన్ కండను ఎముకతో కడుతుంది. రెండూ ప్రధానంగా కొల్లాజెన్ పోగులే. లిగమెంటుకు రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి దెబ్బ తగిలితే మానడానికి కండ కంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. నెమ్మదిగా, ఎక్కువసేపు లాగితే కాస్త సాగుతుంది; ఒక్కసారిగా గుంజితే తెగుతుంది.

లిగమెంటులో ఇంకో గుణం ఉంది, మన పనికి అదే ముఖ్యం. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలిపే నరాల కొసలు అందులో ఉంటాయి. బెణికిన కాలు మళ్లీమళ్లీ బెణకడానికి ఒక కారణం ఆ కబురు సరిగా అందకపోవడమే. కాబట్టి "లిగమెంట్లు బిగుసుకున్నాయి, వదులు చేస్తాను" అనే మాట మానుకోండి. బిగుసుకునేవి సాధారణంగా కండలు. పందిరి గుంజలకు కట్టిన తాళ్లు వదులైతే పందిరంతా ఊగుతుంది. పాదానికి లిగమెంట్లు ఆ తాళ్లు. వాటిని వదులు చేయడం మన లక్ష్యం కానే కాదు.

ముందు మీ కాలి మీదే వెతకండి

కుర్చీలో కూర్చుని ఒక పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకోండి. గోళ్లు బాగా కత్తిరించి ఉండాలి. చూపుడువేలి మెత్తని భాగంతో, చర్మం కొద్దిగా లొంగేంత ఒత్తిడితో వెతకాలి.

బయటివైపు మొదలుపెట్టండి. చీలమండ ఎముక కొస మీద వేలు పెట్టి, ఒక వేలి వెడల్పు ముందుకు, కాస్త కిందికి జరిపితే మెత్తని గుంట తగులుతుంది. దాని పేరు సైనస్ టార్సై. చీలమండ ముందు అంచు నుంచి టాలస్ ఎముకకు (మడమ ఎముక మీద కూర్చుని కాలి ఎముకలను మోసేది), ఆ గుంట పైగా దాదాపు అడ్డంగా వెళ్లే సుమారు 2 సెం.మీ. పట్టీ యాంటీరియర్ టాలోఫిబ్యులర్ లిగమెంటు. చీలమండ లిగమెంట్లలో ఎక్కువగా తెగేది ఇదే. పాదం మునివేళ్ల వైపు వంగి ఉండగా లోపలికి తిరిగితే బరువంతా దీనిమీద పడుతుంది. మెట్టు తప్పినప్పుడు, గుంటలో అడుగు పడ్డప్పుడు జరిగేది అదే.

ఇప్పుడు చీలమండ కొస నుంచి కిందికి, వెనక్కి మడమ ఎముక వైపు రండి. పాదాన్ని బయటికి తిప్పబోతూ చేత్తో అడ్డుకుంటే రెండు తాళ్లు ఉబికి వస్తాయి. అవి పెరోనియల్ టెండన్లు. వాటి అడుగున మొదట చెప్పిన కాల్కేనియోఫిబ్యులర్ లిగమెంటు ఉంది. వెనకవైపు మూడోది కూడా ఉంది కానీ అది చాలా లోతు, వేలితో వెతకవద్దు.

లోపలివైపు డెల్టాయిడ్ లిగమెంటు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. చాలా గట్టిది. లోపలి చీలమండ కొస నుంచి ఒక బొటనవేలి వెడల్పు కిందికి వస్తే మడమ ఎముకకు ఉన్న చిన్న అరుగులాంటి అంచు తగులుతుంది. అక్కడి నుంచి ముందుకు జరిగితే పాదం లోపలి అంచున బొడిపెలా నావిక్యులర్ ఎముక. ఈ రెండింటి నడుమ మెత్తగా తగిలే చోటు అడుగున స్ప్రింగ్ లిగమెంటు ఉంది. టాలస్ ఎముక తలను కింది నుంచి మోసేవాటిలో, పాదం లోపలి వంపును నిలబెట్టేవాటిలో ముఖ్యమైనవి ఇదీ, దాని పక్కనే వెళ్లే టిబియాలిస్ పోస్టీరియర్ టెండనూ. లోపలి చీలమండ వెనక వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. ఆ సన్నని దారిలోనే టిబియల్ నరం కూడా వెళ్తుంది. అక్కడ గట్టిగా నొక్కితే అరికాల్లో తిమ్మిరి వస్తుంది. అది శక్తి ప్రవహిస్తున్న గుర్తు కాదు, నరం నలుగుతున్న గుర్తు. వేలు తీసేయండి.

పాదం పైభాగంలో కాలి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందు వెంట పైకి జారండి. ఎముకలు కలిసి దారి ఆగిపోయే చోట రెండో మెటాటార్సల్ (వేళ్ల వెనక ఉండే అయిదు పొడవాటి పాదం ఎముకల్లో ఒకటి) మొదలు ఉంది. మొదటి మెటాటార్సల్ వెనక ఉండే లోపలి క్యునిఫామ్ ఎముక నుంచి దానికి ఏటవాలుగా వెళ్లేది లిస్‌ఫ్రాంక్ లిగమెంటు. ఫ్రెంచి సర్జన్ జాక్ లిస్‌ఫ్రాంక్ పేరు దానికి వచ్చింది. మొదటి, రెండో మెటాటార్సల్ మొదళ్లను నేరుగా కలిపే లిగమెంటు లేదు. అందుకే పాదం నడిమి భాగం నిలకడ దీనిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. పాదం మెలిపడ్డాక అరికాలి మధ్యలో నల్లగా కమిలిందంటే దీన్ని అనుమానించి ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పంపాలి.

అరికాలి ముందుభాగంలో అయిదు మెటాటార్సల్ తలలనూ వరుసగా కలుపుతూ డీప్ ట్రాన్స్‌వర్స్ మెటాటార్సల్ లిగమెంటు ఉంటుంది. వేళ్లకు వెళ్లే నరాలు దాని కింది నుంచి, అంటే అరికాలి వైపు నుంచి వెళ్తాయి. మడమ నుంచి పాదం బయటివైపు ఉండే క్యూబాయిడ్ ఎముక దాకా, మెటాటార్సల్ మొదళ్ల దాకా సాగే లాంగ్ ప్లాంటార్ లిగమెంటు, దానికి తోడుగా ఉండే పొట్టి ప్లాంటార్ లిగమెంటు అరికాలి లోతుల్లో ఉంటాయి. పైన చర్మం, కొవ్వు, ఫాషియా (మడమ నుంచి వేళ్ల దాకా పరుచుకున్న గట్టి పొర), కండల వరుసలు ఉండటంతో చేతి వేలు వీటిని నేరుగా చేరదు. ఎంత గట్టిగా నొక్కితే అంత లోతు పోతుందని అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

చార్టులోని "లిగమెంట్ లైన్"

చాలా చార్టుల్లో కాలి బొటనవేలు, రెండో వేలి మధ్య నుంచి మడమ దాకా నిలువుగా ఒక గీత ఉంటుంది. కొందరు లిగమెంట్ లైన్ అంటారు, కొందరు టెండన్ లైన్ అంటారు. కాలి బొటనవేలిని వెనక్కి వంచితే అక్కడ ఒక తాడు ఉబుకుతుంది. అది ప్రధానంగా ప్లాంటార్ ఫాషియా లోపలి అంచు. వేళ్లు వెనక్కి వంగగానే ఫాషియా బిగిసి పాదం వంపును పైకెత్తుతుంది. ఈ చర్యను హిక్స్ అనే పరిశోధకుడు 1954లో వివరించి విండ్‌లాస్ మెకానిజం అన్నారు.

చార్టు ప్రకారం ఈ గీత, నడుము గీత కలిసే చోటికి దగ్గరలో మూత్రపిండం బిందువు. నడుము గీత పాదం బయటి అంచున మధ్యలో తగిలే అయిదో మెటాటార్సల్ బొడిపె దగ్గర మొదలవుతుంది. ఇక్కడ ఒక కచ్చితమైన క్రమం పాటించాలి.

1. వేళ్లను మెల్లగా వెనక్కి వంచి తాడును గుర్తించండి.
2. దాని స్థానం మనసులో పెట్టుకుని వేళ్లను పూర్తిగా వదిలేయండి.
3. పట్టుకున్న చేత్తో వేళ్లను కొద్దిగా ముందుకు, అరికాలి వైపు వంచండి. తాడు మెత్తబడుతుంది.
4. అప్పుడు తాడు మీద కాకుండా దాని పక్కన బొటనవేలు పెట్టి పని చేయండి.

తాడు బిగిసి ఉండగా దానిమీద నొక్కితే ఒత్తిడి లోపలికి పోదు, ఫాషియా మీదే ఆగి మంట పుట్టిస్తుంది. ఇంతకీ కొత్తగా నేర్చుకునేవారు చేసే పొరపాట్లలో ఎక్కువ బాధ పెట్టేది ఇదే.

మొదటి మెట్టు: అడగడం

పది నిమిషాలు దీనికే ఇవ్వండి. ఎవరైనా "నరం పట్టేసింది" అంటే ఆ నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి. అరచేత్తో పాదమంతా తడిమితే ఒకటి, ఒక్క వేలితో ఒక్క చోటు చూపిస్తే ఇంకొకటి. ఒక్క చోటు చూపిస్తే, ఇందాక మీ కాలి మీద వెతికినవాటిలో అక్కడ ఏముందో ఆలోచించండి. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ గుచ్చుతోందా, మూడు నాలుగు వేళ్ల మధ్య మంటగా చెప్పులో రాయి ఉన్నట్టు అనిపిస్తోందా, మెట్లు దిగేటప్పుడు చీలమండ తూలుతోందా అని విడివిడిగా అడగాలి. మొదటిది ప్లాంటార్ ఫాషియైటిస్ (ఫాషియా దెబ్బతినడం) లక్షణం, రెండోది మార్టన్స్ న్యూరోమాది (వేళ్ల మధ్య నరం మందమవడం), మూడోది మానని బెణుకుది. తేల్చి చెప్పడం డాక్టరు పని. ఎక్కడ చేయి తేలిక చేయాలో తెలుసుకోవడం మన పని.

కొత్త దెబ్బ తగిలి వచ్చినవారికి కెనడాలో 1992లో వెలువడిన ఒట్టావా నియమాలు బాగా పనికొస్తాయి. చీలమండ చుట్టూ నొప్పి ఉండి, లోపలి లేదా బయటి చీలమండ ఎముక కొసను, లేదా దాని వెనక అంచున కింది 6 సెం.మీ. మేర తాకితే ఎముక నొప్పిగా ఉంటే ఎక్స్‌రే కావాలి. పాదం నడిమి భాగంలో నొప్పి ఉండి, అయిదో మెటాటార్సల్ మొదలో నావిక్యులర్ ఎముకో తాకితే నొప్పిగా ఉన్నా కావాలి. దెబ్బ తగిలిన వెంటనేనూ, ఇప్పుడూ నాలుగు అడుగులు వేయలేకపోయినా కావాలి. మన ఊళ్లలో బెణికిన కాలికి నూనె రాసి గట్టిగా లాగించుకునే అలవాటు ఇంకా ఉంది. ఎముక విరిగి ఉంటే ఆ లాగుడు ఎంత నష్టం చేస్తుందో చెప్పి, వారిని ముందు ఆస్పత్రికి పంపడం మీ బాధ్యత.

రెండో మెట్టు: నిలబెట్టి చూడటం

చెప్పులు విప్పించి, రెండు పాదాల మధ్య జానెడు దూరం ఉంచి నిలబడమనండి. వెనక నుంచి చూడండి. మడమలు నిటారుగా ఉన్నాయా, బయటికి ఒరిగాయా? ఒక కాలికి బయటివైపు రెండో కాలికంటే ఎక్కువ వేళ్లు కనబడుతున్నాయా? గోడకు చెయ్యి ఆన్చి ఒంటికాలి మీద మడమ ఎత్తమనండి. ఎత్తలేకపోతే, పైగా లోపలి చీలమండ కింద వాపు ఉంటే, స్ప్రింగ్ లిగమెంటు, టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ దెబ్బతింటూ ఉండవచ్చు. అలాంటి కాలికి పాదం లోపలి అంచున గట్టి పని వద్దు. చెప్పులు కూడా తిప్పి చూడండి. ఒక్కదానికే లోపలి అంచు అరిగితే అదీ ఒక ఆధారం.

మూడో మెట్టు: కూర్చోబెట్టడం

వెనక్కి ఒరిగే కుర్చీ మంచిది. లేకపోతే మంచం మీద వీపుకు దిళ్లు పెట్టండి. మోకాళ్ల కింద చుట్టిన తువ్వాలు తప్పనిసరి, మోకాలు పూర్తిగా చాచి ఉంటే పిక్క బిగిసి చీలమండ వదలదు. పాదాలు మీ రొమ్ము ఎత్తుకు కాస్త దిగువన ఉండాలి. మెట్టెలు, పట్టీలు తీయగలిగితే తీయించండి. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే రెండో వేలి మొదలు వదిలేసి పని చేయండి.

గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు పాదాలు ఉంచి తుడిస్తే చాలు. నీటి వేడి మీ మోచేత్తో చూడండి, వారి పాదంతో కాదు. నూనె వాడితే బొటనవేలు జారిపోతుంది కనుక పని మొదట్లో వద్దు. కొద్దిగా పౌడరో, బఠాణీ గింజంత క్రీమో చాలు. కొబ్బరినూనె, నువ్వులనూనె చివర్లో రాయండి.

మొత్తం పని 45 నుంచి 60 నిమిషాలు. సంప్రదాయంగా కుడి పాదంతో మొదలుపెడతారు.

నాలుగో మెట్టు: వదులు చేసే కదలికలు

లిగమెంట్లకు హాని జరిగేది ఎక్కువగా ఇక్కడే. నొక్కడంలో కాదు, తిప్పడంలో.

చీలమండ తిప్పేటప్పుడు ఒక చేతి గుంటలో మడమ పట్టుకోండి, రెండో చేయి పాదం ముందుభాగాన్ని మెత్తగా పట్టుకోవాలి. చిన్న వలయాలు, ఒక్కో దిశలో అయిదారు. మునివేళ్లు కిందికి, పాదం లోపలికి ఒకేసారి వెళ్లే మూలను దాటవేయండి. ముందు చెప్పిన బయటి లిగమెంటు గరిష్ఠంగా సాగేది ఆ మూలలోనే. వలయం గుండ్రంగా రాకపోయినా పరవాలేదు.

పాదాన్ని అటూ ఇటూ తేలిగ్గా ఊపే కదలికలో రెండు అరచేతులూ చీలమండ కింద మడమకు ఇరువైపులా ఉండాలి. పాదం తనంతట తానే ఊగేంత తేలిక చాలు.

స్పైనల్ ట్విస్ట్ అనే మెలి తిప్పుడులో రెండు చేతులూ పక్కపక్కన పాదం లోపలి అంచు మీద ఉంటాయి. మడమ వైపు చేయి కదలకూడదు. ముందు చేయి మాత్రమే కొద్ది డిగ్రీలు తిరగాలి. తడి గుడ్డ పిండినట్టు రెండు చేతులనూ ఎదురెదురుగా తిప్పితే ఆ మెలి లిస్‌ఫ్రాంక్ కీళ్ల దగ్గర చేరుతుంది. గతంలో పాదం మెలిపడ్డ చరిత్ర ఉంటే ఈ కదలిక వదిలేయండి.

మెటాటార్సల్ తలలను రెండేసి పట్టుకుని ఒకటి పైకి, ఒకటి కిందికి మెల్లగా కదిలించడం హాయిగా ఉంటుంది. పక్కల నుంచి పిండడం మాత్రం వద్దు. పిండినప్పుడు నరం ఎముకల మధ్య, లిగమెంటు కింద నలిగి, మార్టన్స్ ఉన్నవారికి కరెంటు షాక్‌లా తగులుతుంది.

వేళ్లు తిప్పేటప్పుడు వేలి కొస కాదు, మొదలు పట్టుకోండి. ఎత్తి లాగి "టక్" అనిపించే అలవాటు మానండి. రెండో వేలి మొదట్లో అడుగున ఉండే ప్లాంటార్ ప్లేటు పలచబడినవారికి ఆ లాగుడు కీలునే పక్కకు జరపవచ్చు.

అయిదో మెట్టు: బొటనవేలి నడక

మీ చేతిని బల్ల మీద సహజంగా బోర్లించండి. బొటనవేలి ఏ అంచు బల్లకు తగులుతుందో ఆ అంచే పాదానికి తగలాలి. మొదటి కణుపు వంచి, చాచి, ఒక్కో అడుగుకు 2–3 మి.మీ. ముందుకు జరగాలి. ఎప్పుడూ ముందుకే, వెనక్కి రాకూడదు. ఒత్తిడి బొటనవేలి బలం నుంచి కాదు, పాదం అవతలివైపు ఉన్న నాలుగు వేళ్ల పట్టు నుంచి రావాలి.

ఒత్తిడి నిలకడగా ఉండాలంటే వంటింటి డిజిటల్ తూకం మీద సాధన చేయండి. కళ్లు మూసుకుని నొక్కి, అంకె చూడండి. అరికాలి కండ మీద 1 నుంచి 1.5 కిలోలు, చీలమండల చుట్టూ, పాదం పైభాగంలో అరకిలో. ఇవి శాస్త్రం నిర్ణయించిన హద్దులు కావు, చేతికి కొలత నేర్పే అంకెలు. కూర్చున్నవారు చెప్పే నొప్పి 10కి 4 దాటకూడదు. "అమ్మా, ఇది ఒత్తిడిగా ఉందా, నొప్పిగా ఉందా?" అని మధ్యమధ్య అడగండి. పెద్దవారు మర్యాదకు భరిస్తారు, కాబట్టి మాటకంటే వేళ్లు బిగపట్టడం, ఊపిరి ఆపడం గమనించండి.

పాదం లోపలి అంచు వెంట వెన్నెముక రేఖ ఉంటుంది. నడుము భాగం నావిక్యులర్ బొడిపె చుట్టూ వస్తుంది. అంటే స్ప్రింగ్ లిగమెంటుకు పొరుగున. అక్కడ ఎముక మీద నడవండి, ఎముకకూ మడమ అంచుకూ మధ్య మెత్తని సందులోకి గుచ్చకండి. గర్భాశయం లేదా ప్రొస్టేట్ బిందువు లోపలి చీలమండకూ మడమ మూలకూ మధ్య, నరం వెళ్లే దారికి దగ్గర. అక్కడ నడక వద్దు, వేలి మెత్తని భాగంతో చిన్న వలయాలు చాలు. చీలమండ ముందు అడ్డంగా వెళ్లే రేఖను అండనాళాలు, గజ్జల లింఫ్ అని చార్టు అంటుంది. అది బయటివైపు సైనస్ టార్సై గుంట దగ్గరికి వస్తుంది. బెణికిన చరిత్ర ఉన్న ప్రతి కాలిలోనూ అక్కడ నొప్పి ఎదురు చూడండి.

మడమ ముందు, లోపలివైపు ఫాషియా పుట్టే చోటు. పొద్దున మడమ నొప్పి ఉన్నవారికి అదే చోటు నిమిషాల తరబడి నొక్కితే మర్నాడు నొప్పి పెరుగుతుంది. దానికి బదులు పిక్కను మెత్తగా పిసికి, ఇంట్లో చేసుకునే పని నేర్పండి: మంచం దిగేముందు కాలి వేళ్లను చేత్తో వెనక్కి లాగి 10 లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు, రోజుకు మూడు విడతలు.

నొప్పి బిందువు దొరికితే

ఈ విషయంలో తొందర పడకూడదు. నొక్కిన చోట నొప్పి వస్తే వేలు తీసేసి, ఆ కింది కీలును మెల్లగా కదిలించండి. బయటి బిందువైతే పాదాన్ని కొద్దిగా లోపలికి, లోపలి బిందువైతే కొద్దిగా బయటికి. నొక్కకుండానే అదే నొప్పి వస్తే అది చాలావరకు లిగమెంటుది. తర్వాత వారే పాదాన్ని తిప్పబోతుంటే మీరు అడ్డుకోండి. అప్పుడు నొప్పి వస్తే టెండన్‌ను అనుమానించాలి. తాకగానే జివ్వుమని తిమ్మిరి వేళ్లదాకా పాకితే నరం. రెండో పాదంలో అదే చోటు కూడా నొక్కి పోల్చండి. ఒక్క కాలికే ఉంటే, గుర్తుండే దెబ్బ కూడా ఉంటే, చార్టు దాకా పోనక్కర్లేదు.

బెణికిన కాలికి ఎప్పుడు, ఎంత

మొదటి మూడు రోజులు ఆ పాదాన్ని ముట్టుకోవద్దు. వాపు, వేడి, కమిలిన రంగు ఉన్నంతకాలం ఆ చీలమండ చుట్టూ పని లేదు. ఆరు వారాల దాకా కొత్త కొల్లాజెన్ ఇంకా బలహీనంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా అది సర్దుకోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఈ కాలంలో రెండో పాదం మీద, చేతుల మీద పని చేయండి. రిఫ్లెక్సాలజీ సంప్రదాయంలో చీలమండకు మణికట్టును జతగా చూస్తారు. అటువైపు మణికట్టు చుట్టూ పని చేసినా కూర్చున్నవారికి హాయిగానే ఉంటుంది. నొప్పి లేకుండా నడవగలిగాక వేళ్లు, అరికాలు మెత్తగా మొదలుపెట్టవచ్చు. ఒంటికాలి మీద 30 సెకన్లు తూలకుండా నిలబడే సాధన చేయించండి, మొదట గోడ పక్కన. లిగమెంటు పోగొట్టుకున్న కబురును తిరిగి నేర్పేది ఆ సాధనే. పూర్తిగా తెగిన లిగమెంటు విషయంలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే నడవాలి.

చేయి ఆపాల్సినవారు

షుగర్ ఉన్నవారిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లో బొటన, మధ్య, చిటికెన వేళ్ల కొసలను ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. వారు నొప్పి చెప్పలేరు కాబట్టి గట్టి పని పూర్తిగా మానాలి. షుగర్ ఉన్నవారి ఒక పాదం ఎర్రగా, వేడిగా, వాచి ఉండి పెద్దగా నొప్పి లేకపోతే అది షార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు, కీళ్లు కుంగిపోతుంటాయి. అడుగు వేయనివ్వకుండా ఆ రోజే ఆస్పత్రికి పంపండి.

ఒక్క పిక్క మాత్రం వాచి, వేడిగా నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, తాకవద్దు. బోదకాలు ఉన్నవారికి జ్వరం, ఎర్రదనం వచ్చిన రోజుల్లో పని లేదు. గౌట్‌తో కాలి బొటనవేలు వాచినప్పుడూ అంతే.

గర్భిణులకు హార్మోన్ల వల్ల లిగమెంట్లు సడలుతాయి, పాదం వంపు కాస్త తగ్గి చెప్పుల సైజు కూడా మారవచ్చు. వారికి తిప్పే కదలికలన్నీ సగం చేయండి, మెలి తిప్పుడు వద్దు. చేతి బొటనవేలు ముంజేతికి తగిలేలా వంగేవారు, మోకాళ్లు వెనక్కి వంగేవారు పుట్టుకతోనే కీళ్లు సడలినవారు కావచ్చు; వారికీ ఇదే నియమం. కూచిపూడి, భరతనాట్యం సాధన చేసేవారు ఒట్టి పాదాలతో నేలను తాకుతూ రోజూ గంటలకొద్దీ తట్టుతారు. వారికి మెటాటార్సల్ తలల దగ్గర ఒత్తిడి తగ్గించి, పిక్కల మీద ఎక్కువ సమయం ఇవ్వండి.

మీ బొటనవేలి లిగమెంటు

చేతి బొటనవేలి మొదటి పెద్ద కీలుకు లోపలివైపు అల్నార్ కొల్లాటరల్ లిగమెంటు ఉంటుంది. వేలు పక్కకు ఒరిగేలా రోజూ నొక్కితే అది సడలి, చిటికెడు ఉప్పు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. నొక్కేటప్పుడు కణుపు వెనక్కి విరగబడినట్టు వంగుతోందా అని అద్దంలో చూసుకోండి. వంగితే ఒత్తిడి తగ్గించి, నాలుగు వేళ్ల పట్టు పెంచండి. మడమ లాంటి దట్టమైన చోట్ల బొటనవేలు వదిలేసి, వంచిన చూపుడువేలి కణుపు వాడండి. రోజుకు నలుగురి కంటే ఎక్కువమందిని తీసుకోకండి, ఇద్దరి మధ్య కనీసం పావుగంట విరామం ఉండాలి. ప్రతి పని తర్వాత పుస్తకంలో తేదీ, ఏ పాదం, ఏ చోట నొప్పి, కీలు కదిలిస్తే వచ్చిందా, ఎంత ఒత్తిడి వాడారో రాసి పెట్టుకోండి. రెండోసారి వచ్చినప్పుడు అదే చోట నొప్పి తగ్గకుండా ఉంటే నొక్కడం కొనసాగించకుండా డాక్టరుకు చూపించమనండి.